రెండో వాయి

“అత్తా, మూలమట్టం ఎక్కడ పెట్టాడో మీ తమ్ముణ్ణి అడుగు,” అంది పిడుగు, వాళ్ళ నాన్నకి మూరెడు దూరంలో నిలబడి.

“ఒరేయ్, మూలమట్టం ఎక్కడ పెట్టావని అడుగుతోందిరా నీ కూతురు,” అన్నాను.

“వాడుతున్నానని చెప్పక్కా,” అన్నాడు తమ్ముడు, తల ఎత్తకుండా.

“దేనికి వాడుతున్నాడో అడుగత్తా.”

అడగక్కర్లేదు. కళ్ళున్న వాళ్ళందరికీ కనిపిస్తూనే ఉంది. కూరగాయలు తరిగే చెక్క మీద బంగాళాదుంప ఉంది. దాని పక్కన చెక్క మూలలు సరిచూసుకునే ఆ ఇనప మట్టం, నిండా దుంప జిగట అంటుకుని ఉంది. మావాడు ప్రతి ముక్కనీ దానికి ఆనించి చూసి, తేడా వచ్చిన చోట కత్తితో చిత్రిక పడుతున్నాడు. ఊహ తెలిసినప్పటి నుంచీ తలుపులూ బీరువాలూ చేసిన చెయ్యి అది. దుంపైనా సరే, మూల తప్పితే ఒప్పుకోదు.

పిడుగు ఒక్క అడుగు ముందుకేసి మూలమట్టం లాక్కుంది. కుళాయి కింద కడిగి, తుడిచి, మళ్ళీ వెలుతురులో పెట్టి చూసుకుంది. పెదవి చివర నవ్వు లాంటిదేదో కదిలింది కానీ వెంటనే మింగేసింది. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వారం రోజులుగా ఈ ఇంట్లో మాటలు ఇలాగే నడుస్తున్నాయి. తండ్రీ కూతుళ్ళ మధ్య టపా మోసేది నేను. కింద వాళ్ళ వడ్రంగి కొట్టు, పైన మా కాపురం. కొట్లో ఇద్దరూ చెరో చివర పట్టుకుని పలక మోస్తారు, నోట మాట మాత్రం ఉండదు. ఎత్తమంటే పిడుగు పలక మీద రెండుసార్లు తడుతుంది, దించమంటే ఒకసారి. చూసేవాళ్ళకి నవ్వులాటగానే ఉంటుంది. అడకత్తెరలో పోకచెక్కనయ్యింది నేను.

వారం కింద అన్నాల దగ్గర మావాడు గొంతు సవరించుకుని, కళ్ళద్దాలావిడని పెళ్ళి చేసుకోవాలనుంది అన్నాడు. పిడుగు లేచి, చెయ్యి కడుక్కుని, వాళ్ళమ్మ కూర్చునే కుర్చీ కాలు ఊగుతోందంటూ దాన్ని కిందికి మోసుకుపోయింది. వాళ్ళమ్మ పోయాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, ఇక దాని కాలు ఊగిందని ఎవరికి తెలుస్తుంది? ఆ పూట నుంచి పిల్ల కొట్లో పనిబల్ల మీదే కూర్చుని తింటోంది. పైన ఇంత పొడుగు భోజనాల బల్ల, మూడే కుర్చీలు.

కళ్ళద్దాలావిడంటే పక్క వీధిలో కళ్ళజోళ్ళ కొట్టు నడిపే ఆవిడ. మావాడికి ఈ ఏడే కళ్ళజోడొచ్చింది. ఇక చూడండి, ముక్కు మీద నిలవడం లేదని ఒకసారి, చెవి వెనక గుచ్చుకుంటోందని ఒకసారి, మర వదులైందని ఇంకోసారి, ఆ కొట్టు గడప అరిగేలా తిరిగాడు. అంతకుముందు వాడి ముక్కుకి ఏ లోపమూ లేదు. నా కళ్ళజోడు కాడ విరిగితే మాత్రం ఇంత రాగి తీగ చుట్టి నా మొహాన పెట్టాడు.

ఆవిడ ఈ సాయంత్రం మొదటిసారి మా ఇంటికి భోజనానికి వస్తోంది. వండాల్సిన నేను చెయ్యి బెణికి కట్టుతో కూర్చున్నాను. దాంతో వంట మావాడి నెత్తిన పడింది.

“ఆవిడే చెప్పిందక్కా. చాలా తేలికట. చికెనూ కూరగాయలూ అన్నీ ఒకే ట్రేలో వేసి, నూనే ఉప్పూ మిరియాలూ పట్టించి ఓవెన్‌లో పెట్టడమే. మిగతాది అదే చూసుకుంటుందట.”

“అన్నీ అవే చూసుకునేటట్టయితే నేనిన్నాళ్ళూ పొయ్యి దగ్గర ఎందుకు మాడానురా?”

వాడు నవ్వలేదు. కత్తి కింద పెట్టి, పొద్దున నాతో చెప్పిన మాటే మళ్ళీ చెప్పాడు.

“పిడుగు ఈ పూట బల్ల దగ్గర కూర్చుని మనతో తింటే సరి. లేకపోతే ఈ పెళ్ళి మాట ఇంక ఎత్తనక్కా. ఆవిడకీ చెప్పేశాను. ఆవిడా సరేనంది.”

“ఆ ముక్క పిల్లకి చెప్పేడవొచ్చు కదా.”

“వద్దు. నువ్వూ చెప్పొద్దు. తెలిస్తే నా మొహం చూసి కూర్చుంటుంది. అది కూర్చోవడం కాదు.”

వాడి మొండితనానికి నాకు ఒళ్ళు మండింది. ముద్దూ వచ్చింది. పెళ్ళాం పోయాక వీడు నోరు తెరిచి తన కోసం అడిగింది ఇదొక్కటే. అది కాస్తా తీసుకెళ్ళి ఆ పిల్ల మూతి ముడుపుకి కట్టేశాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకుందామనుకున్నాను. నావల్ల అవుతుందా?

ఈలోగా మావాడు ట్రే సర్దాడు. దుంపలు, క్యారెట్లు, గుమ్మడి ముక్కలు, క్యాప్సికం, ఉల్లిపాయలు అన్నీ ఒకే కొలత. ముక్క పక్కన ముక్క, ఒకదానికొకటి బిగించి, మధ్యలో వెంట్రుక కూడా దూరకుండా పరిచాడు. ఆ వరసల మీద కోడి తొడలు పేర్చాడు. ఉల్లిపాయ పొరలు చతురస్రంగా కుదరక మొరాయిస్తే వాటిని నిలబెట్టి మరీ ఇరికించాడు.

“ఎలా ఉందక్కా?”

“గచ్చు వేసినట్టుంది.”

మెచ్చుకున్నాననుకుని మురిసిపోతూ ఓవెన్‌లో పెట్టాడు.

ఆవిడ కాస్త ముందే వచ్చింది. పొట్టిగా, చురుగ్గా, మాట్లాడే ముందు ఎదుటివాళ్ళ ముక్కూ చెవులూ చూసే మనిషి.

“తొందరగా వచ్చేశానా అండీ?”

“లేదమ్మా. వంటే ఆలస్యంగా వచ్చేలా ఉంది. కూర్చో.”

కూర్చుంది. కానీ చూపు నా కళ్ళజోడు మీద ఆగిపోయింది. “ఒక్కసారి ఇలా ఇస్తారా?” అంది. రాగి తీగ విప్పి పక్కన పెట్టింది. పర్సులోంచి అగ్గిపెట్టెంత డబ్బా, అందులోంచి గోరంత మర తీసి బిగించి, నా ముక్కు మీద పెట్టి, చెవి వెనక వేలితో నొక్కి చూసింది. పర్సులో మరలు పెట్టుకు తిరిగే ఆడమనిషిని నేను చూడటం అదే మొదటిసారి. ప్రపంచం ఒక్కసారిగా నిటారుగా నిలబడింది.

“మా వాడు చుట్టిన తీగ బాగుందని చెప్పుకుని తిరుగుతున్నానమ్మా ఇన్నాళ్ళూ.”

“బాగానే ఉందండీ. కంచెకైతే ఇంకా బాగుంటుంది.”

నాకు నచ్చేసింది. దాపరికం ఎందుకు, ఆ ఒక్క మాటతో నచ్చేసింది.

కింద కొట్లోంచి సుత్తి చప్పుడు వస్తూనే ఉంది. ఆవిడ ఆ చప్పుడు వింటోందని నాకు తెలుసు. “అమ్మాయి పనిలో ఉందా?” అని అడిగింది. ఉందన్నాను. ఖాళీ అయిన నాలుగో చోటు వైపు చూసింది.

“అయిపోయి ఉంటుంది,” అంటూ మావాడు ఓవెన్ తలుపు తీశాడు. ఆవిరి కొట్టి కళ్ళజోడు తెల్లబడిపోయింది. తడుముకుంటూ ట్రే బయటికి లాగి బల్ల మీద పెట్టాడు. అద్దాలు తుడుచుకుని చూశాడు. మేమూ చూశాం.

ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. చుట్టూ నీళ్ళు. ఎర్రగా వేగాల్సిన కూరగాయలు తలంటుకుని తుడుచుకోని పిల్లల్లా పాలిపోయి కూర్చున్నాయి. చికెన్ తోలు మెత్తగా, తెల్లగా ఉంది.

“ఓవెన్ సరిగ్గా లేదక్కా,” అన్నాడు.

“ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో.”

ఆవిడ ట్రే మీదికి వంగి చూసింది. “ఇది సర్దిందెవరు?”

“నేనే.”

ఆవిడ నవ్వు ఆపుకుందామనుకుంది, వల్ల కాలేదు. భుజాలు కదిలిపోయేలా నవ్వింది. మావాడి మొహం మాడిపోయింది. ఆ పూట మాడింది అదొక్కటే.

“అన్నీ ఒకే ట్రేలో వెయ్యమని మీరే కదా చెప్పారు,” అన్నాడు ఉక్రోషంగా.

“ఒకే ట్రేలో అన్నానండీ. ఒకే పలకలా అనలేదు.”

“పని అన్నాక శుభ్రంగా ఉండొద్దా?”

“వంటకి కాస్త శుభ్రం తక్కువైనా పర్లేదు.”

“నా చేతి పనిని చూసి ఇప్పటిదాకా ఎవరూ నవ్వలేదు.”

ఆ మాటతో ఆవిడ నవ్వు ఆగిపోయింది. కింద సుత్తి చప్పుడు కూడా ఆగిందని అప్పుడు గమనించాను. మెట్ల మీద అడుగులు వినిపించాయి.

పిడుగు గుమ్మంలో నిలబడింది. జుట్టు నిండా రంపప్పొట్టు, వేళ్ళకి ఎండిన జిగురు. కళ్ళద్దాలావిడ వైపు ఒకసారి తల ఊపింది. తర్వాత ట్రే చూసింది, చాలాసేపు చూసింది. దాని ముక్కుపుటాలు అదిరాయి. చెడిపోతున్న పనిని చూస్తూ ఊరుకోవడం దాని వంశంలో లేదు పాపం.

“నాన్నా,” అంది.

వారం రోజుల్లో మొదటిసారి. మావాడి చేతిలోని గుడ్డ జారి కింద పడింది.

“తలుపులో పలక బిగించేటప్పుడు చుట్టూ సందెందుకు వదులుతాం?”

“వానాకాలం చెక్క ఉబ్బుతుంది,” అన్నాడు వాడు బడిలో పిల్లాడిలా. “సందు లేకపోతే పగులుతుంది.”

“ఆ మాట నాకు చెప్పిందెవరు?”

“నేనే.”

“మరి దుంపలకి వద్దా సందు? ఇవి ఊపిరాడక చెమట పట్టాయి. చూడు.”

తండ్రి జవాబు కోసం ఆగలేదు. చేతులు కడుక్కుని, ట్రేలో నీళ్ళు వంచేసింది. సగం ముక్కలూ సగం చికెనూ తీసి పెద్ద పళ్ళెంలో పెట్టింది. మెత్తటి గుమ్మడీ క్యాప్సికం ఏరి ఒక వారకి నెట్టింది, ఆఖర్న వేద్దామంది. మిగిలిన వాటిని వేళ్ళతో ఎడం ఎడంగా చెదరగొట్టింది. నా తమ్ముడి వరసలన్నీ ఒక్క నిమిషంలో పాడైపోయాయి. వాడు గుండె పట్టుకున్నట్టు చూశాడు.

“నూనె,” అంది పిడుగు చెయ్యి చాచి. అందించింది కళ్ళద్దాలావిడ. ఇద్దరి వేళ్ళూ సీసా మీద కాసేపు ఆగాయి.

“మంట పెంచనా?” అని అడిగింది ఆవిడ.

“పూర్తిగా పెంచండి.”

“మిగతావి?”

“రెండో వాయికి.”

ట్రే మళ్ళీ లోపలికెళ్ళింది. ఈసారి వాసనే వేరు. ఉల్లిపాయ వేగే వాసన, తోలు చిటపటలాడే చప్పుడు. తలుపు తీసేసరికి దుంపల అంచులు బంగారంలా ఉన్నాయి, చికెన్ తోలు వేలితో కొడితే టక్కుమంది. ఆవిడ పైన నిమ్మకాయ పిండింది.

“రుచి చూద్దాం,” అంది పిడుగు. ఒక దుంప ముక్క నోట్లో వేసుకుని, నాలుక కాలి, గంతులేసింది. ఆవిడ ఒక ముక్క తీసుకుంది. నేను ఎడం చేత్తో ఒక తొడ అందుకున్నాను. మావాడు మూల చెదిరిన క్యారెట్‌ని అనుమానంగా చూసి నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు.

రుచి చూడటం అని ఎవరు కనిపెట్టారో గానీ, దానికి అంతు లేదు. ట్రే చుట్టూ నలుగురం నిలబడి, ఉఫ్ ఉఫ్ అని ఊదుకుంటూ, ఒకరి చేతి కిందినుంచి ఒకరం లాక్కుంటూ మొత్తం వాయి లాగించేశాం. అడుగున అంటిన మాడుని పిడుగు గరిటెతో గీరుతుంటే ఆవిడ, “ఆ మూలది నాకు వదులు,” అంది. పిడుగు ఒక్క క్షణం చూసి, వదిలింది.

తలెత్తి మావాడి వైపు చూశాను. వాడూ నన్నే చూస్తున్నాడు. ఇద్దరి మనసులోనూ ఒకటే మాట. పిల్ల తిన్నది, నిజమే. కానీ నిలబడి తిన్నది. బల్ల దగ్గర కూర్చోలేదు.

సరే, రెండో వాయి ఉందిగా అనుకున్నాను. అది వేగుతుండగా మావాడు బల్ల తుడిచాడు. నాలుగు పళ్ళేలు పెట్టాడు. నాలుగో పళ్ళెం ముందు కుర్చీ లేదు. పిడుగు ఆ పళ్ళెం వైపు చూసింది.

“మీరు కూర్చోండి. నాకు కింద పనుంది,” అంది. వెళ్ళిపోయింది.

ఎంత సంతోషంగా ఉన్న గది ఎంతలో చల్లబడుతుందో. ఓవెన్ ఒక్కటే శబ్దం చేస్తోంది. మావాడు పళ్ళెం అంచు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఈ దిక్కుమాలిన షరతు పెట్టినందుకు వాణ్ణి నాలుగు తిడదామని నోరు తెరిచాను. ఆ మొహం చూశాక తిట్లు మింగేశాను.

ఆవిడ పర్సు తీసుకుంది.

“మాటంటే మాటేనండీ,” అంది మెల్లగా. “నాకేం కోపం లేదు. చాలా రోజుల తర్వాత ఇంత బాగా తిన్నాను.”

“రెండో వాయి అయ్యేదాకా ఉండమ్మా,” అన్నాను.

“వద్దు వదినగారూ.”

వదినగారూ అంది. వెళ్ళిపోతూ అంది. ఆ పిలుపు నాకెంత కావాలో అప్పటిదాకా నాకు తెలియదు.

మెట్ల మీద ఏదో గోడకి కొట్టుకున్న చప్పుడైంది. మళ్ళీ ఇంకోటి. పిడుగు వెనక్కి నడుస్తూ, రొప్పుతూ లోపలికొచ్చింది. దాని చేతుల్లో వాళ్ళమ్మ కుర్చీ ఉంది. నాలుగు కాళ్ళకీ అడ్డంగా ఇనప క్లాంపులు బిగించి ఉన్నాయి, అతుకుల దగ్గర జిగురు ఇంకా తెల్లగా మెరుస్తోంది. వారంగా దాన్ని విప్పి పడేసిందనుకుంటున్నాం. పాత చెక్కని కొత్తగా రుద్ది, మళ్ళీ కూర్చింది.

కుర్చీని నాలుగో పళ్ళెం ముందు పెట్టింది. తర్వాత చుట్టూ తిరిగి వచ్చి, వాళ్ళ నాన్న కుర్చీ లాక్కుని దబ్బున కూర్చుంది.

“అది నా కుర్చీ,” అన్నాడు మావాడు.

“వారం రోజులు నేను పనిబల్ల మీద తిన్నాను. ఈ పూట నువ్వు నిలబడి తిను.”

నిలబడి తినమంటే అంత సంబరపడిన మనిషిని నేను చూడలేదు. వాడు నా భుజం పట్టుకుని ఊపేశాడు, కట్టు కట్టిన చెయ్యని కూడా చూడకుండా. “అక్కా, కూర్చుంది. చూశావా, కూర్చుంది,” అన్నాడు. మావాడికి నోట్లో నువ్వుగింజ నానదని నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను.

పళ్ళెం దగ్గరికి లాక్కుంటున్న పిడుగు చెయ్యి ఆగిపోయింది. “నేను కూర్చుంటే ఏంటి?”

నేను నా పళ్ళెం చూసుకున్నాను. మావాడు ఓవెన్ చూశాడు.

“అత్తా?”

“నన్నడక్కే. టపా మోసి మోసి మెడ పట్టేసింది.”

చెప్పింది ఆవిడే. పర్సు ఇంకా చేతిలోనే ఉంది. “నువ్వు ఈ పూట బల్ల దగ్గర కూర్చుని తింటేనే మీ నాన్న పెళ్ళి మాట మళ్ళీ ఎత్తుతానన్నారు. లేకపోతే లేదు. నీకు చెప్పొద్దన్నారు. నేనూ ఒప్పుకున్నాను.”

పిడుగు మొహం ఎర్రబడింది. లేస్తుందనుకున్నాను. లేవలేదు. తండ్రి వైపు చూసిన చూపులో కోపం ఉంది, దాని వెనకే ఇంకేదో ఉంది, కళ్ళు చెమర్చేలా చేసేది.

“అడగొచ్చు కదా నాన్నా,” అంది.

“భయమేసిందే,” అన్నాడు వాడు.

పిడుగు చెయ్యి చాచి వాళ్ళమ్మ కుర్చీ అతుకు మీద ఉబికిన జిగురుని బొటనవేలితో తుడిచింది.

“ఇది మా అమ్మది,” అంది ఆవిడతో. “నేను బల్ల దగ్గర కూర్చున్నానంటే దీంట్లో ఎవరైనా కూర్చోవచ్చని కాదు. అది నేనింకా తేల్చుకోలేదు. జిగురు ఆరేదాకా ఎలాగూ ఎవరూ కూర్చోకూడదు.”

“ఎప్పటికి ఆరుతుంది?”

“రేపు సాయంత్రానికి,” అన్నారు తండ్రీ కూతుళ్ళిద్దరూ ఒకేసారి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆవిడ పర్సు బల్ల మీద పెట్టింది. “అయితే రేపు రానా?”

పిడుగు లేచి ఓవెన్ తలుపు తీసి, ఎర్రగా వేగిన రెండో వాయి తెచ్చి మధ్యలో పెట్టి, మళ్ళీ వాళ్ళ నాన్న కుర్చీలోనే కూర్చుంది. అంచు బాగా వేగిన ముక్క ఒకటి ఏరి ఆవిడ పళ్ళెంలో వేసింది.

“వచ్చేటప్పుడు ఇంకో ట్రే తెచ్చుకోండి,” అంది. “నలుగురికి ఇది చాలదు.”